ఓర్పు, మనస్సాక్షి, వీరత్వం: సానుకూల మనోవిజ్ఞానం దృష్టిలో కొన్ని తెలుగు కాల్పనిక పాత్రలు

ఆధునిక తెలుగు కథాసాహిత్యంలో వీరుడెవరు అన్న ప్రశ్నకు సమాధానం వెతికేవారికి మొదట ఎదురయ్యే చిక్కు పరిభాషది. అలంకారశాస్త్రం వీరరసానికి ఉత్సాహాన్ని స్థాయిభావంగా నిర్ణయించింది. యుద్ధవీర, దానవీర, దయావీర, ధర్మవీర భేదాలను గుర్తించింది. నాయకులను ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంతులుగా విభజించి నలుగురికీ 'ధీర' శబ్దాన్ని సమానంగా ముడివేసింది. మనసు చలించడానికి కారణం ఎదురుగా ఉన్నా చలించనివాడే ధీరుడన్న భావన కాళిదాసు నాటికే స్థిరపడింది. ఐతే ఈ లక్షణాలన్నీ రాజులనూ రాజర్షులనూ మనసులో ఉంచుకుని చెప్పినవి. కూలి గింజల కోసం నిలబడ్డవాడికి, అప్పు కింద భూమి పోగొట్టుకున్నవాడికి, రైలుపెట్టెలో చేయి చాపే బిచ్చగత్తెకు ఈ చట్రంలో చోటు లేదు. ఇందుకు హరిశ్చంద్రుడు ఒక మినహాయింపు. అతడు రాజైనా అప్పు పడ్డాడు, అమ్ముడుపోయాడు, కాటికాపరి అయ్యాడు. అతని సంగతి ఈ వ్యాసంలో మళ్లీ వస్తుంది.

ఇటీవలి కాలంలో ఈ ఖాళీని సానుకూల మనోవిజ్ఞానంతో పూరించే ప్రయత్నాలు సాహిత్య పరిశోధనలో కనిపిస్తున్నాయి. పాత్ర కష్టాన్ని భరించింది, నీతి తప్పలేదు, కనుక ఆ పాత్ర వీరపాత్ర అన్నది ఈ పద్ధతి సాధారణ తీర్మానం. ఈ పద్ధతి ఆకర్షణీయమైనది. అందులో కొంత ప్రమాదం కూడా ఉంది. ఆ ప్రమాదం ఎక్కడుందో 'మాలపల్లి', 'యజ్ఞం', 'గాలివాన' రచనల ఆధారంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

సిద్ధాంతం చెప్పేది

1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడుగా ఉన్న మార్టిన్ సెలిగ్మన్, మనోవిజ్ఞానం రోగాలకే పరిమితమై మనిషిలోని బలాలను ఉపేక్షించిందని వాదించి ఈ శాఖకు ఊపు తెచ్చారు. క్రిస్టఫర్ పీటర్సన్‌తో కలిసి ఆయన 2004లో వెలువరించిన గ్రంథం మానవ గుణబలాలను 24గా లెక్కించి, వాటిని ఆరు సద్గుణాల కింద వర్గీకరించింది. వివేకం, ధైర్యం, మానవత, న్యాయం, నిగ్రహం, అతీతత్వం అన్నవి ఆ ఆరు. వీటిలో ధైర్యం మన చర్చకు ముఖ్యం. దాని కింద నాలుగు బలాలున్నాయి: సాహసం, పట్టుదల, నిజాయితీ, ఉత్సాహం. నాలుగోది చదివినప్పుడు వీరరస స్థాయిభావం గుర్తుకు రాక మానదు. రెండు వేర్వేరు సంప్రదాయాలు ఇలా ఒకే మాట దగ్గర కలవడం ముచ్చటగానే ఉంటుంది కానీ, దానిమీద పెద్ద భవనం కట్టనవసరం లేదు.

అసలు విషయం రెండవ, మూడవ బలాల్లో ఉంది. కష్టంలో వెనుదీయక నిలవడం పట్టుదల. తన అంతరంగానికి అబద్ధం చెప్పకపోవడం నిజాయితీ. మన మాటల్లో ఓర్పు, మనస్సాక్షి అనుకోవచ్చు. పీటర్సన్, సెలిగ్మన్‌లు ఈ రెంటినీ ఒకే గొడుగు కింద పక్కపక్కన కూర్చోబెట్టారు. ఒకటి ఉన్నచోట రెండోది దానికి తోడవుతుందన్న ధ్వని ఆ అమరికలో ఉంది. తెలుగు కథాసాహిత్యం ఈ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టలేదు. ఎదురెదురుగా నిలబెట్టింది. అంతకంటే విశేషం, ఈ వ్యాసంలో ముందుగా పరిశీలించే రెండు రచనలలోనూ వాటిని తండ్రీకొడుకులుగా చేసి ఒకే ఇంట్లో నిలబెట్టింది.

ఆ గ్రంథంలోనే మరొక సూత్రం ఉంది. ఒక గుణాన్ని బలంగా గుర్తించడానికి రచయితలు పెట్టుకున్న ప్రమాణాలలో, ఒకరు ఆ గుణాన్ని ప్రదర్శించడం వల్ల చుట్టూ ఉన్నవారు తగ్గిపోకూడదన్నది ఒకటి. గుణబలాల జాబితాను వాడుకునే మన వ్యాసాలు ఈ ప్రమాణాన్ని దాదాపుగా పట్టించుకోవు. ఈ వ్యాసకర్త దృష్టిలో సాహిత్య విమర్శకు ఆ గ్రంథం నుంచి తీసుకోదగ్గ విలువైన పనిముట్టు 24 గుణాల పట్టిక కన్నా ఈ ఒక్క ప్రమాణమే.

సానుకూల మనోవిజ్ఞానానికి పూర్వగామిగా భావించే విక్టర్ ఫ్రాంకెల్ నాజీ నిర్బంధ శిబిరాల అనుభవంతో 1946లో రాసిన గ్రంథంలో బాధకు అర్థం ఉండగలదని చెప్పారు. ఈ మాటను అందరూ ఉదాహరిస్తారు. దానితోపాటే ఆయన పెట్టిన షరతును మాత్రం తరచు వదిలేస్తారు. తప్పించుకోలేని బాధకే ఆ మాట వర్తిస్తుందనీ, తప్పించగల బాధ ఐతే దాని కారణాన్ని తొలగించడమే అర్థవంతమైన పని అనీ, అనవసరంగా బాధపడడం వీరత్వం కాదనీ ఆయన స్పష్టంగా హెచ్చరించారు. ఏ బాధ తప్పించగలది, ఏది కాదు అని తేల్చేది ఎవరు? మన నవలల్లో, కథల్లో తగువంతా అక్కడే ఉంది.

మాటలు చెప్పేది

తెలుగులో ఈ భావాలకు ఉన్న మాటలను ఒకసారి గమనించడం అవసరం. ఓర్పు, తాళిమి, సహనం, నిబ్బరం, దిటవు అన్నవి పర్యాయపదాల్లా వాడుతాం కానీ వీటి మొగ్గు ఒకటి కాదు. ఓర్చుకోవడంలో, తాళడంలో బరువు పైనుంచి పడుతుంది, మనిషి దాని కింద ఉంటాడు. నిబ్బరంలో, దిటవులో మనిషి నిలబడి ఉంటాడు, బరువు సంగతి తర్వాత. పట్టుదలలో మనిషి తానే ఒకదాన్ని పట్టుకుంటాడు. సానుకూల మనోవిజ్ఞానం కొలిచేది ప్రధానంగా ఈ మూడో రకాన్ని. దీర్ఘకాలిక లక్ష్యాల పట్ల ఆసక్తి, పట్టుదల కలగలిసిన గుణంగా ఏంజెలా డక్‌వర్త్ నిర్వచించినదీ ఇదే. లక్ష్యం ఎంచుకునే వీలు ఉన్నవాడి గుణమిది. ఎంచుకునే వీలు లేనివాడి ఓర్పును ఇదే కొలబద్దతో కొలిచి మార్కులు వేయడం పొసగని పని.

'మనస్సాక్షి' అన్న మాట మరింత ఆసక్తికరం. ఇందులో సాక్షి ఉన్నాడు. సాక్షి ఉన్నాడంటే ఎక్కడో ఒక తగువు, ఒక న్యాయస్థానం, తీర్పు చెప్పే ఒక పెద్ద ఉండాలి. మన రచయితలు ఈ మాటలోని రూపకాన్ని అక్షరాలా తీసుకున్నట్టు కనిపిస్తుంది. 'మాలపల్లి'లో కోర్టు ఉంది. 'యజ్ఞం'లో పంచాయితీ ఉంది. 'గాలివాన'లో ఏదీ లేదు, ఒక చీకటి రాత్రి మాత్రమే ఉంది.

హరిశ్చంద్రుని నీడ

ఓర్పునూ సత్యాన్నీ ఒకటిగా చూడడం తెలుగువారికి కొత్త కాదు. గౌరన ద్విపద కావ్యం నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా హరిశ్చంద్రుని కథ మనకు నేర్పింది అదే. ఆడిన మాట కోసం రాజ్యం వదిలాడు. విశ్వామిత్రునికి పడ్డ రుణం కోసం భార్యనూ కొడుకునూ అమ్మాడు. తాను అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. పల్లెపల్లెనా ప్రదర్శితమైన కాటిసీను ప్రేక్షకులను ఏడిపించింది. కానీ ఆ ఏడుపు వెనుక ఒక భరోసా ఉంది. ఇది పరీక్ష అనీ, పరీక్షించేవాడు చూస్తున్నాడనీ, చివరకు లోహితాస్యుడు లేస్తాడనీ ప్రేక్షకుడికి ముందే తెలుసు.

సానుకూల మనోవిజ్ఞానంలో ఆఘాతానంతర వికాసం అన్న భావనకూ ఈ కథకూ పోలిక ఉంది. టెడెస్కీ, కాల్హూన్‌లు 1996లో రూపొందించిన మాపనం పెద్ద దెబ్బ తిన్న మనుషుల్లో ఐదు రంగాలలో ఎదుగుదలను లెక్కిస్తుంది. ఆ ఎదుగుదల దెబ్బ వల్ల కాక దెబ్బతో చేసే పెనుగులాట వల్ల వస్తుందని వారు జాగ్రత్తగానే చెప్పారు. దాన్ని సాహిత్యానికి అన్వయించేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్త జారిపోయి, బాధ వెనుక వరం అన్న హరిశ్చంద్ర న్యాయమే మిగులుతుంది. శాస్త్రీయ పరిభాష కింద పురాణం పనిచేస్తూ ఉంటుంది.

ఈ కథలో మనం తరచు అడగని ప్రశ్న ఒకటుంది. సత్యవ్రతం హరిశ్చంద్రునిది. అమ్ముడుపోయింది చంద్రమతీ లోహితాస్యులు. ఒకరి గుణబలం చుట్టూ ఉన్నవారిని తగ్గించకూడదన్న ప్రమాణం ముందు ఈ కథ నిలబడుతుందా? పురాణం దీనికి జవాబు చెప్పదు. చివరి వరంతో ప్రశ్ననే మాయం చేస్తుంది. ఆధునిక రచయితకు ఆ వెసులుబాటు లేదు.

మాలపల్లి: తండ్రి ఓర్పు, కొడుకుల తోవలు

ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండి రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడింది, ప్రభుత్వ నిషేధానికి గురైంది. మంగళాపురం మాలపల్లిలోని రామదాసు కుటుంబం దీనికి కేంద్రం. రామదాసు వేదాంతి. భజనలు, తత్త్వాలు అతని లోకం. అతని చిన్న కొడుకు సంగదాసు కూలీల పక్షాన నిలబడి భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణాలు కోల్పోతాడు. పెద్ద కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ధనికులను దోచి పేదలకు పంచుతాడు. కుటుంబం చెదిరిపోయి సెటిల్‌మెంటు పాలవుతుంది.

పట్టిక ప్రకారం చూస్తే రామదాసులో లేని బలం లేదు. క్షమ, నిగ్రహం, వినయం, ఆధ్యాత్మికత అన్నిటికీ నిండు మార్కులు పడతాయి. కొడుకు చచ్చినా ప్రతీకారం కోరడు. ఎన్ని దెబ్బలు తగిలినా అతని నిబ్బరం చెదరదు. ఆఘాతానంతర వికాసంలో చెప్పే ఆధ్యాత్మిక పరిణతికి ఇతణ్ణి పాఠ్యపుస్తకంలో ఉదాహరణగా వేయవచ్చు. చాలా వ్యాసాలు ఇక్కడ ఆగి ఇతణ్ణి సహనవీరుడంటాయి.

నవల మాత్రం అక్కడ ఆగలేదు. కూలి తగువును గమనించండి. ధాన్యం ధర పెరిగినప్పుడు గింజలకు బదులు డబ్బు ఇవ్వాలని భూస్వాములు చూడడం, కూలీలు గింజలే కావాలనడం, ఇదీ గొడవ. ఇది కర్మ కాదు, లెక్క. ఎవరైనా కూడికలు తీసివేతలు వేసి చూపగల అన్యాయం. ఫ్రాంకెల్ మాటల్లో తప్పించగల బాధ. సంగదాసు దీన్ని లెక్కగా చూశాడు. రామదాసు దృష్టి ఇలాంటి వాటిని దాటి ఎక్కడో పైనుంది. తండ్రి ఓర్పులో లోపం లేదు. కానీ ఆ ఓర్పు ఏ బాధను ఓర్చుకోవాలో ఏ బాధను కాదో విడదీసి చూడదు. విడదీయడం మనస్సాక్షి పని. నవలలో ఆ పనిని కొడుకులు తీసుకున్నారు, ఇద్దరూ రెండు విధాలుగా.

వెంకటదాసు సంగతి పట్టికకు మరింత ఇబ్బంది. అతడు దొంగ. చట్టం దృష్టిలో నేరస్థుడు. అయినా నవల అతణ్ణి నీచంగా చూపదు. అతని మనస్సాక్షి ఆస్తిహక్కు అన్న దాన్నే ప్రశ్నిస్తుంది. తనను విచారించే న్యాయస్థానం ఏ న్యాయం మీద నిలబడిందని అడిగే స్థితికి అతడు చేరాడు. మనస్సాక్షిలోని సాక్షి ఇక్కడ న్యాయమూర్తికి ఎదురు తిరిగాడు. నిజాయితీని ఒక వ్యక్తిగత గుణంగా, ఉన్న నియమాలకు కట్టుబడడంగా చూసే దృష్టికి ఇతడు అందడు.

నవలకు 'సంగవిజయం' అన్న రెండో పేరు ఉండడం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. విజయం రామదాసుది అని రచయిత అనలేదు. అయినా ఉన్నవవారి మమకారం రామదాసు మీదనే ఉందన్నది పుస్తకం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. పుస్తకం పేరు ఒకవైపు, రచయిత హృదయం మరొకవైపు లాగడం వల్లనే 'మాలపల్లి' ఇప్పటికీ చర్చనీయంగా ఉంది. దళిత విమర్శకులు రామదాసు సాత్త్వికతను ప్రశ్నించడంలో న్యాయం ఉంది. దెబ్బ తిన్నవాడి ఓర్పును మెచ్చుకోవడం దెబ్బ కొట్టినవాడికి ఎప్పుడూ సులువే. గుణబలాల భాష ఆ మెప్పును మరింత సులువు చేస్తుంది.

యజ్ఞం: నీతి ఎవరికి ఉపయోగపడింది

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' గురించి తెలుగులో దశాబ్దాలుగా జరిగిన చర్చ అంతా ముగింపు చుట్టూ తిరిగింది. సీతారాముడు కన్నకొడుకును చంపడం సంభవమా, సమంజసమా, ప్రతీకమా అని. ఆ చర్చలో అప్పల్రాముడు కొంత మరుగున పడ్డాడు. మన విషయానికి అతడే ముఖ్యం.

సుందరపాలెం అభివృద్ధి చెందిన ఊరు. మాజీ సర్పంచి శ్రీరాములునాయుడు ఆదర్శవాది, ఊరికి ఎన్నో సౌకర్యాలు తెచ్చాడు. ఆ అభివృద్ధి నడుమనే దళిత రైతు అప్పల్రాముడు చితికిపోయాడు. గోపన్నకు అతడు అప్పు పడ్డాడు. గోపన్న కూడా రాక్షసుడేమీ కాదు, అతని పరిస్థితీ దిగజారుతూనే ఉంది. ఇది రచయిత చేసిన గొప్ప పని. ప్రతినాయకుణ్ణి తీసేశారు. తగువు పంచాయితీకి వస్తుంది. పంచాయితీ మంచివాళ్లతో, ధర్మం మాట్లాడేవాళ్లతో నిండి ఉంటుంది.

అప్పల్రాముడు అప్పు లేదనడు. ఎగ్గొట్టాలని చూడడు. తాను ఎందుకు ఈ స్థితికి వచ్చాడో అతనికి తెలుసు, ఊరికీ తెలుసు. అయినా అప్పు అప్పే. చివరకు అతడు భూమి వదులుకోవడానికి ఒప్పుకుంటాడు. పట్టుదల, నిజాయితీ రెండూ ఒకే మనిషిలో ఒకే క్షణంలో ఇంత సంపూర్ణంగా కలిసిన సందర్భం మన కథాసాహిత్యంలో అరుదు. పీటర్సన్, సెలిగ్మన్‌ల ధైర్యానికి ఇతడు నిలువెత్తు రూపం. ఆ నిజాయితీయే అతని ఇంటిని కూల్చింది.

ఇక్కడ హరిశ్చంద్రుని నీడ ఎంత దట్టంగా పడిందో చూడండి. రుణం ఉంది. మాట ఉంది. మాట నిలుపుకోవడానికి కొడుకుల భవిష్యత్తు పోతుంది. భూమి పోతే తన సంతానం ఇతరుల ఇళ్ల పాలేరుతనానికి పోతారన్నది సీతారాముడి భయం. లోహితాస్యుడు దాసుడై అమ్ముడుపోవడానికి ఇది ఇరవయ్యో శతాబ్దపు రూపం. సుందరపాలెంలో విశ్వామిత్రుడు లేడు. పరీక్షించేవాడు లేడు కనుక వరమిచ్చేవాడూ లేడు. సీతారాముడు చేసిన పని చూస్తే, లోహితాస్యుణ్ణి కాటి దాకా పంపేదే ఈ ధర్మమని అతడు గ్రహించినట్టు ఉంటుంది. అందుకే ఆ చావును వాయిదా వేయకుండా పంచాయితీ ముందుకే తెచ్చి పెట్టాడు. ఆ శిశువు లేవలేదు.

కథ పేరు మనల్ని ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రుడు సత్యవ్రతుడిగా ప్రసిద్ధుడు కాడు. సంతానం కోసం వరుణునికి మొక్కుకుని, పుట్టిన కొడుకునే యజ్ఞపశువుగా ఇస్తానన్నవాడు. కొడుకు రోహితుడు ప్రాణభయంతో అడవికి పోతాడు. అతనికి బదులుగా నూరు ఆవులకు శునఃశేపుణ్ణి కొంటారు. అమ్మినవాడు ఆకలితో అలమటిస్తున్న తండ్రి అజీగర్తుడు. దేవతకు పడ్డ రుణం పేదవాడి కొడుకు మీదకు ఎలా బదిలీ అవుతుందో ఆ ప్రాచీన కథ నిర్మొహమాటంగా చెబుతుంది. తర్వాతి కాలపు సత్యహరిశ్చంద్రుడు ఆ నిర్మొహమాటాన్ని కప్పేశాడు. రామారావుగారు పేరు ఎంచుకునేటప్పుడు ఈ కథను తలచుకున్నారని నేననడం లేదు. ఆ పేరు చదివే మనం మాత్రం తలచుకోక తప్పదు.

సీతారాముడిది వీరత్వమా? ఇక్కడ తొందర పనికిరాదు. ఒకరి బలం ఇతరులను తగ్గించరాదన్న ప్రమాణంతో తండ్రిని తూచినప్పుడు కొడుకునూ తూచాలి. తండ్రి నిజాయితీ కొడుకులను పాలేర్లను చేయబోయింది. కొడుకు తిరుగుబాటు మనవణ్ణి లేకుండా చేసింది. పాలేరుగా బతకడం కంటే చావు మేలని ఆ పసివాడి పక్షాన నిర్ణయించే హక్కు తనకుందని సీతారాముడు అనుకోవడంలో తండ్రి సంతానానికి యజమాని అన్న పాత న్యాయమే ఉంది. అజీగర్తుడూ అదే అనుకున్నాడు. కథ ముగింపు తండ్రుల, కొడుకుల, పెద్దల మధ్యనే నడుస్తుంది. బిడ్డను కన్నది తల్లి. ఈ ధర్మచర్చలో ఆమె మాటకు చోటు లేదు. పురాణంలో చంద్రమతికి కనీసం కాటిసీను దక్కింది.

కనుక సీతారాముణ్ణి వీరుడనడం కన్నా, పంచాయితీకి వినిపించని సాక్ష్యాన్ని వినిపించినవాడనడం సబబు. అతని చర్య ఆదర్శం కాదు, అభియోగం. ఇక ఓర్పుగల మంచివాణ్ణి ఆదర్శంగా నిలబెట్టే మాట వస్తే, ఆ ఓర్పు చివరి బిల్లు ఎవరి పేరున రాస్తారని ఈ కథ అడుగుతుంది. వ్యక్తి అంతరంగాన్ని మాత్రమే కొలిచే మాపనానికి ఆ ప్రశ్న వినపడదు.

మనస్సాక్షి మరో రూపం: జ్ఞాపకం

'మాలపల్లి', 'యజ్ఞం' రెండూ దళితేతర రచయితలు దళిత కుటుంబాల గురించి రాసినవి. రెండింటా ఓర్పు మూగగానో, తాత్త్వికంగానో ఉంటుంది. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' ఈ పద్ధతిని మార్చింది. ఎన్నెలదిన్ని ఎల్లన్న, సుభద్రల నుంచి తరాల కథను రూతు తన జ్ఞాపకాలలో నడిపిస్తుంది. ఇక్కడ ఓర్చుకోవడం అంటే మరిచిపోకుండా ఉండడం. ఏ దెబ్బ ఎవరు కొట్టారో, ఏ పాట ఎవరు కట్టారో పేర్లతో సహా మనసులో ఉంచుకోవడం. సాక్షి అన్న మాటకు ఇంతకంటే నిండైన అర్థం ఉండదు. మానసిక ఆరోగ్యం కోసం గతాన్ని వదిలి ముందుకు సాగాలన్న సులభ సూత్రాన్ని రూతుకు చెప్పి చూడండి. ఆమె వదిలేస్తే ఆ తరాలే లేకుండా పోతాయి. ఈ నవల మీద ప్రత్యేక వ్యాసం అవసరం కనుక ఇక్కడ ఇంతకు మించి పోవడం లేదు.

గాలివాన: పట్టికకు అందని మనిషి

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. ఆ ఘనత వల్ల కథ పేరు అందరికీ తెలుసు. గుణబలాల దృష్టితో దీన్ని చదివితే కొత్తగా కనిపించేది రావుగారి కంటే బిచ్చగత్తె.

రావుగారు నియమాల మనిషి. ఇల్లు, పిల్లలు, అలవాట్లు అన్నిటికీ సూత్రాలున్నాయి. బిచ్చం వేయకపోవడం కూడా ఆ సూత్రాల్లో భాగమే. సానుకూల మనోవిజ్ఞానం ఇష్టపడే నిగ్రహం, క్రమశిక్షణ అతనిలో నిండుగా ఉన్నాయి. ఒక్క రాత్రి గాలివాన వాటిని ఊడ్చేసింది. చిన్న స్టేషనులో చిక్కుకుని ప్రాణభయంతో వణికే అతనికి ధైర్యం చెప్పింది, ఆసరా అయ్యింది అంతకుముందు అతడు ఈసడించిన బిచ్చగత్తె. ఆమెకు సూత్రాలు లేవు. తుఫాను ఆమెకు కొత్త కాదు, అలాగని దాన్ని జయిస్తానన్న దర్పమూ లేదు. తెల్లవారేసరికి ఆమె కూలిన శిథిలాల కింద చనిపోయి ఉంటుంది. చేతిలో రావుగారి పర్సు.

ఆ పర్సు లేకపోతే ఈ కథ ఒక నీతికథ. బిచ్చగత్తెలో దైవం కనిపించిందని ముగించి ఉండవచ్చు. పద్మరాజు అలా ముగించలేదు. ఆమె దొంగిలించింది. ఆమె ఓదార్చింది కూడా. ఒకటి నిజం, రెండోది నటన అనడానికి కథ ఏ ఆధారమూ ఇవ్వదు. రెండూ ఒకే రాత్రి, ఒకే మనిషి, ఒకే సహజత్వంతో చేసింది. నిజాయితీ గడిలో ఆమెకు ఏ మార్కు వేయాలి? మానవత గడిలో వేసిన మార్కును అది తగ్గించాలా? జోనథన్ హైట్ ఇతరుల నైతిక సౌందర్యాన్ని చూసినప్పుడు కలిగే ఉన్నతానుభూతి అని ఒక భావాన్ని వివరించారు. రావుగారికి కలిగింది అదేనని అనవచ్చు. ఐతే ఆ భావన ప్రకారం ఎదుటివ్యక్తి చేసిన పని నిష్కళంకమై ఉండాలి. ఇక్కడ రావుగారి కన్నీళ్లు, తన పర్సు ఆమె చేతిలో చూశాక కూడా ఆగలేదు. అప్పటికి అతని లెక్కలో కళంకం అన్న మాటకు అర్థం మారిపోయింది.

రామదాసు ఓర్పుకు భక్తి ఆధారం. అప్పల్రాముడి ఓర్పుకు మాట ఆధారం. ఈమె ఓర్పుకు ఏ ఆధారమూ కనిపించదు. అందుకే అది ఎవరికీ పనిముట్టు కాలేదు. ఏ పంచాయితీ దాన్ని చూపి ఆమెచేత ఏమీ రాయించుకోలేదు. మనస్సాక్షి గురించి ఆమె ఒక్క మాట మాట్లాడదు. పక్కనున్న మనిషి వణుకుతున్నాడు కనుక దగ్గరికి వచ్చింది, అంతే. అంతకుముందు తనకు బిచ్చం వేయని మనిషి అతడే అన్నది ఆమెకు గుర్తుందో లేదో కథ చెప్పదు.

ఆ రాత్రికి సాక్షి రావుగారు ఒక్కరే. తెల్లవారాక అక్కడికి వచ్చినవారికి ఆమె శిథిలాల కింద చనిపోయిన బిచ్చగత్తె మాత్రమే. చేతిలో పర్సు చూస్తే దొంగ కూడా. ఆమె ఏమిటో చెప్పగలిగినవాడు, తన నియమాల పుస్తకంలో ఆమె కోసం ఒక్క గడి కూడా లేనివాడు, తడిసిన బట్టలతో ఆమె పక్కన నిలబడి ఉన్నాడు.